కొబ్బరి, జీడి మోతకు ఫ్రంట్ వీల్ డ్రైవ్ పికప్ మన జిల్లాల్లో పనికొస్తుందా?

ప్రశ్న: కవిటి కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటికి దగ్గరి పల్లె. నాలుగెకరాల కొబ్బరితోట, దాన్ని ఆనుకుని రెండెకరాల జీడితోట ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను మా పాత చెట్లను చాలామటుకు పడగొట్టింది. ఆ తరువాత నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకు వచ్చాయి కాబట్టి, ఇంతకాలం కిరాయి బండ్లతో నెట్టుకొచ్చిన మేము సొంతంగా ఒక చిన్న పికప్ కొనుక్కోవాలనుకుంటున్నాం.

మా అక్కను చేసుకున్న బావ అమెరికాలో ఉంటారు. ఆయన అక్కడ ఫోర్డ్ మావరిక్ అనే చిన్న పికప్ కొన్నారు. అది హైబ్రిడ్ బండి, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారూ ఉంటుంది. శక్తి ముందు చక్రాలకే వెళుతుంది, దీన్నే ఫ్రంట్ వీల్ డ్రైవ్ అంటారు. కలప, తోటమట్టి, ఇంటి సామాను అన్నీ అందులోనే వేస్తారు, అప్పుడప్పుడు వెనక ఒక చిన్న ట్రైలర్ కూడా తగిలిస్తారు. నగరంలో లీటరుకు దాదాపు 18 కిలోమీటర్లు ఇస్తుందని, నేనూ అలాంటిదే తీసుకుంటే మంచిదని ఫోన్లో చెప్పారు. నేను పలాసలో, శ్రీకాకుళంలో షోరూములన్నీ తిరిగాను. చూపించిన ప్రతి బండికీ శక్తి వెనక చక్రాలకే అందుతోంది. అంటే మనవాళ్లు పాత పద్ధతినే పట్టుకుని ఉన్నారా, లేక దీనికి గట్టి కారణం ఉందా అన్నది నా మొదటి సందేహం.

రెండో సందేహం ఇంకా దగ్గరిది. మా ఇంట్లో ఇప్పటికే ఒక ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ఉంది. పికప్ కొనే వరకు దానికి వెనక కొక్కెం పెట్టించి రెండు చక్రాల చిన్న ట్రైలర్ లాగిస్తే సరిపోతుందేమోనని ఆలోచిస్తున్నాను.

బరువుల సంగతి కూడా చెబుతాను. తొక్కతో ఉన్న వంద కాయలను కాటా మీద పెట్టి చూస్తే 120 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగాయి. ఒక విడతకు ఐదువందల కాయలు వేస్తే 600 కిలోలు. జీడిపిక్కలైతే 80 కిలోల బస్తాలు ఎనిమిది వేస్తాం, అవీ దాదాపు అంతే బరువు. తోటలోంచి తారురోడ్డు వరకు ఉన్న దారి మెత్తటి ఇసుక నేల. రోడ్డు గట్టు ఎక్కే చోట ఇరవై అడుగుల పాటు ఎత్తుగా ఉంటుంది, వానాకాలంలో అక్కడ ఇసుకా మట్టీ కలిసి జారుడుగా తయారవుతుంది. తారురోడ్డు ఎక్కాక మాకు ఏ ఇబ్బందీ ఉండదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: సాలూరు ఘాట్

నమస్కారం. నేను ఇరవై ఏళ్లకు పైగా బండి నడుపుతున్నాను. మొదట లారీ, ఇప్పుడు సొంతంగా ఒకటిన్నర టన్నుల పికప్. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వైపు ఉప్పు, కిరాణా సామాను తీసుకెళ్లి, వచ్చేటప్పుడు అల్లం, కూరగాయలు వేసుకుని దిగుతాను. మీ ప్రశ్నలో అందరూ దాటిపోయే మాట ఆ ఇరవై అడుగుల ఎత్తు. బండి ఎంపికను నిర్ణయించవలసింది అదే.

ఘాట్ రోడ్డులో వాన పడిన రోజున ఏం జరుగుతుందో నేను కళ్లారా చూసినది చెబుతాను. ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని వచ్చే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మలుపు దగ్గర ఒకసారి ఆగిందంటే, మళ్లీ కదిలేటప్పుడు ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, రబ్బరు కాలిన వాసన వస్తుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పుతాడు, బండి తిరగదు. ఎందుకంటే లాగవలసిన చక్రాలూ, మలుపు తీసుకోవలసిన చక్రాలూ ఒకటే కాబట్టి, పట్టు పోతే రెండు పనులూ ఒకేసారి పోతాయి. అదే మలుపులో నా పికప్ నిండు లోడుతో ఉంటే మొదటి గేరులో నింపాదిగా ఎక్కేస్తుంది.

అయితే న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అన్‌లోడ్ చేసి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నా బండే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. వెనక బరువు లేక చక్రాలు తేలిపోతాయి, బురదలో తోక పక్కకు వెళ్లిపోతుంది. ఖాళీ బండితో పొలం దారిలో దిగబడి, చుట్టుపక్కల ఉన్నవాళ్లను నలుగురిని వెనక ఎక్కించుకుని బయటపడిన రోజులు ఉన్నాయి. అలాంటి చోట ఖాళీ కారు సులువుగా వెళ్లిపోతుంది.

మీ పని ఎక్కువగా నిండు బండితో గట్టు ఎక్కడమే కాబట్టి, నా మాటగా వెనక చక్రాల బండే తీసుకోండి.

జవాబు: విజయనగరం మెకానికల్

కవిటి వారికి, సాలూరు వారికి నమస్కారం. నేను విజయనగరంలో మెకానికల్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. సాలూరు వారు అనుభవంతో చెప్పినదాన్ని లెక్కలో పెట్టి చూపిస్తే కవిటి వారికి నమ్మకం కలుగుతుందని ఇది రాస్తున్నాను. కింది అంకెలు ఏ ఒక్క కంపెనీ బండివీ కావు, ఒక మామూలు చిన్న పికప్‌ను ఊహించుకుని వేసుకున్నవి.

ఖాళీగా 1200 కిలోలు ఉండే ఫ్రంట్ వీల్ డ్రైవ్ పికప్‌ను తీసుకుందాం. ఇంజన్, గేరుబాక్సు అన్నీ ముందే ఉంటాయి కాబట్టి ముందు చక్రాల మీద 720 కిలోలు, వెనక చక్రాల మీద 480 కిలోలు పడతాయనుకుందాం. ఇప్పుడు తొట్టిలో 700 కిలోలు వేశాం. తొట్టి దాదాపుగా వెనక ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి ఆ బరువులో పదో వంతు, అంటే 70 కిలోలే ముందుకు వస్తాయి, మిగతా 630 వెనక్కే పోతాయి. మొత్తం బరువు 1900 అయింది గాని, లాగే ముందు చక్రాల మీద ఉన్నది 790 మాత్రమే. వేసిన ప్రతి బస్తా లాగవలసిన భారాన్ని పెంచింది, లాగే చక్రాల పట్టును మాత్రం దాదాపుగా పెంచలేదు.

పదడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు మీద ఈ బండిని నిలబెడదాం. ఎత్తు మీద బరువు వెనక్కి వాలుతుంది. చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 0.7 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే ఇంకో 49 కిలోలు ముందు నుంచి వెనక్కి పోయి, ముందు 741 మిగులుతాయి. తడిసిన మట్టి మీద పట్టు బరువులో పదింట మూడు వంతులు, అంటే 0.3 అనుకుంటే ముందు చక్రాలు నేలను పట్టి తోయగలిగిన బలం 222 కిలోలు. ఎత్తు ఎక్కడానికి 190, మట్టి దారిలో చక్రాలు దొర్లడానికి 38, కలిపి 228 కిలోల బలం కావాలి. ఆరు కిలోలు తక్కువైంది. చక్రం తిరుగుతుంది, బండి కదలదు.

అదే బరువున్న వెనక చక్రాల బండికి ఖాళీగా ఉన్నప్పుడు వెనక 540 కిలోలు ఉంటాయనుకుందాం. దానికి 630 లోడు, 49 వాలు కలిపితే 1219. దొరికే పట్టు 366, కావలసింది అదే 228. నింపాదిగా ఎక్కుతుంది. ఇక ఖాళీ బండ్లకు ఇదే లెక్క వేస్తే రెండిటికీ కావలసింది 144 కిలోలే. ముందు చక్రాల దానికి 207 దొరుకుతాయి, వెనక చక్రాల దానికి 171 మాత్రమే. సాలూరు వారు ఖాళీ బండి భయపెడుతుందన్నది సరిగ్గా ఇదే.

ఈ లెక్కంతా తడిమట్టికి వేసినది. ఎండిన తారురోడ్డు మీద పట్టు 0.7 దాకా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు రకాలూ ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కుతాయి. మీ బావగారు చెప్పింది అబద్ధమేమీ కాదు, ఆయన తారురోడ్డు మీద నుంచి మాట్లాడుతున్నారు.

మరోమాట: కవిటి వారి గట్టు మీద ట్రైలర్ లేని ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండిని రివర్సులో ఎక్కిస్తే అది ఎక్కే అవకాశం బాగా పెరుగుతుంది. అప్పుడు వాలు వల్ల వెనక్కి పోవలసిన బరువు, బండి వెనుదిరిగి ఉన్నందువల్ల లాగే ముందు చక్రాల మీదికే వస్తుంది. పైన వేసిన లెక్కలో 741 కాస్తా 839 అవుతుంది, పట్టు 222 నుంచి 252కి పెరుగుతుంది. అత్యవసరంలో ఇది తెలిసి ఉండటం మంచిదే గాని, రోజూ పంటను ఇలా రోడ్డెక్కించడం పద్ధతి కాదు.

ప్రశ్న అడిగినవారు: కవిటి కొబ్బరితోట

ఇద్దరికీ ధన్యవాదాలు. లెక్కను కాగితం మీద నేనూ వేసుకుని చూశాను. అయితే ఒక అనుమానం మిగిలింది. ముందు చక్రాల పద్ధతి లోడుకు అంత తక్కువదైతే, పెద్ద కంపెనీలు అలాంటి పికప్‌లను ఎందుకు తయారు చేస్తున్నాయి? మా బావ బండికి ట్రైలర్ లాగే సామర్థ్యం 907 కిలోలని కంపెనీయే రాసిందని ఆయన అంటున్నారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

జవాబు: నెల్లిమర్ల నుంచి మిషిగన్

నమస్కారం. నేను పుట్టింది నెల్లిమర్లలో, పదకొండేళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నాను. కవిటి వారి బావగారి దగ్గర ఉన్నలాంటి మావరిక్‌నే మూడేళ్లు నడిపాను కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

907 కిలోలు, అంటే ఇక్కడి లెక్కలో 2000 పౌండ్లు అన్నది నిజమే. తొట్టిలో 1500 పౌండ్లు, అంటే 680 కిలోల దాకా వేయవచ్చని కంపెనీ రాసింది. కాని అదే పికప్‌లో నాలుగు చక్రాలకూ శక్తి అందే టర్బో రకాన్ని, ప్రత్యేకమైన టోయింగ్ ప్యాకేజీతో కొంటే లాగే పరిమితి 4000 పౌండ్లకు, అంటే 1814 కిలోలకు పెరుగుతుంది. ఆ ప్యాకేజీలో ఇంజన్‌ను, గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరిచే అదనపు ఏర్పాట్లూ, ట్రైలర్ బ్రేకులను నడిపే కంట్రోలూ ఉంటాయి. హోండా రిడ్జ్‌లైన్ 2017లో కొత్త రూపంతో వచ్చినప్పుడు దానికీ ఇదే తేడా ఉండేది. ముందు చక్రాల రకానికి 3500 పౌండ్లు, నాలుగు చక్రాల రకానికి 5000 పౌండ్లు. 2021 మోడల్ నుంచి ముందు చక్రాల రకాన్ని వారు అమెరికాలో అమ్మడమే మానేశారు. పరిమితి వెనక పట్టుతో పాటు వేడి, బ్రేకులు, గేరుబాక్సు బలం కూడా ఉంటాయి కాబట్టి, 907 అన్న అంకెను చూసి 907 కిలోలతో ఎక్కడికైనా వెళ్లవచ్చని అనుకోకూడదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇక్కడ చెరువుల్లోకి పడవలను దించడానికి నీళ్ల అంచున సిమెంటు ర్యాంపులు ఉంటాయి. ఒక స్నేహితుడి చిన్న పడవను ట్రైలర్ మీద పెట్టి, నా బండితో నీళ్లలోంచి పైకి లాగవలసి వచ్చింది. పడవ, ట్రైలర్ కలిపి 500 కిలోలు మించవు. వెనక చక్రాలు నీళ్లలో ఉన్నాయి, ముందు చక్రాలు నాచు పట్టిన తడి సిమెంటు మీద ఉన్నాయి. ట్రైలర్ నాలిక, అంటే బండి కొక్కేనికి తగిలే ముందు కడ్డీ, తన బరువుతో బండి తోకను కిందికి నొక్కుతుంటే ముందు భాగం లేచినట్టయి, చక్రాలు కీచుమంటూ ఉన్నచోటే తిరిగాయి. ఇద్దరు మనుషులు బానెట్ ముందు భాగం మీద చేతులు ఆనించి గట్టిగా కిందికి నొక్కిపెట్టాక గాని బండి కదలలేదు. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఫైబరు పడవలను ఒడ్డుకు లాగడానికి మనవాళ్లు ట్రాక్టరును ఎందుకు తెస్తారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

దీనికి పూర్తి భిన్నమైన సంగతి మంచు కాలంలో కనిపిస్తుంది. వెనక చక్రాల పికప్‌లు ఉన్నవాళ్లు చలికాలం రాగానే తొట్టిలో వెనక ఇరుసు మీదుగా ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతారు. ఖాళీ బండికి వెనక పట్టు ఉండదు కాబట్టి ఆ బరువు కావాలి. నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానో, కొద్దిపాటి సామానుతోనో తిరిగే నాలాంటివాడికి ముందు చక్రాల పికప్ చాలా మంచి బండి. మీ పరిస్థితి అది కాదు.

జవాబు: విజయనగరం మెకానికల్

మిషిగన్ వారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. ముందు చక్రాల చిన్న పికప్‌కు అతిపెద్ద నిలయం అమెరికా కాదు, బ్రెజిల్. ఫోక్స్‌వ్యాగన్ సావెయిరో అక్కడ 1982లో, ఫియట్ స్ట్రాడా 1998లో వచ్చాయి. 2021లో బ్రెజిల్‌లో అన్ని రకాల బండ్లలోకీ ఎక్కువగా అమ్ముడుపోయినది స్ట్రాడాయే. కార్ల నుంచి పుట్టిన బండే అయినా దాని వెనక ఇరుసుకు కారులో ఉండే చుట్టల స్ప్రింగులు కాకుండా కమాన్ పట్టీలు వేశారు. 700 కిలోల దరిదాపు బరువును రోజూ మోయాలంటే అది తప్పదు. ఐరోపాలో సిత్రోయెన్ వారు 1947లోనే ముందు చక్రాలతో నడిచే సరుకుల వ్యాన్ తెచ్చారు, అది 1981 దాకా తయారైంది. వెనక్కి వెళ్లే షాఫ్ట్ గాని, వెనక ఇరుసులో శక్తిని చక్రాలకు మళ్లించే పళ్లచక్రాల పెట్టె (క్రౌన్ హౌసింగ్) గాని ఉండవు కాబట్టి దాని నేల మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉండేది. 80 కిలోల బస్తాను భుజం ఎత్తుకు లేపడానికీ, మోకాలి ఎత్తున పెట్టడానికీ ఉన్న తేడా మోసేవాడి నడుముకే తెలుస్తుంది. ఆ ఒక్క మేలు కోసమైనా ఈ పద్ధతిని గౌరవించాలని నా అభిప్రాయం. పట్టణంలో పార్సిళ్లు, పాలు, బేకరీ సరుకు, మందులు చేర్చేవారికి ఇది నిజంగా గొప్ప సౌకర్యం.

మన దేశంలో దారి వేరుగా సాగింది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజన్‌ను సీటు కింద పెట్టి, శక్తిని వెనక చక్రాలకు ఇచ్చారు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీ కూడా వెనక చక్రాలవే. ఇంజన్ సీటు కిందికి పోయేసరికి ముందు ముక్కు అవసరం తగ్గి, ఉన్న పొడవులోనే తొట్టి పెద్దదైంది. పైగా మన దగ్గర బండికి రాసి ఉన్న బరువే వేసేవాళ్లు తక్కువ. ఎక్కువ వేసినకొద్దీ పట్టు పెరిగే పద్ధతినే కంపెనీలు ఎంచుకున్నాయి. కవిటి వారు అడిగినట్టు ఇది పాతదాన్ని పట్టుకుని ఉండటం కాదు. అధిక లోడును నేను సమర్థించడం లేదని కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2000 రూపాయల జరిమానా రాసి ఉంది.

జవాబు: శ్రీకాకుళం వర్క్‌షాపు

నమస్కారం. శ్రీకాకుళంలో నాకు చిన్న వర్క్‌షాపు ఉంది, కార్లూ చిన్న ట్రక్కులూ రెండూ చేస్తాను. కవిటి వారి రెండో సందేహం గురించి, అంటే ఇంట్లో ఉన్న కారుకు ట్రైలర్ తగిలించడం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అలా చేసి వచ్చిన కార్లను నేను విప్పి చూశాను.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో గేరుబాక్సు నుంచి చక్రానికి రెండు డ్రైవ్ షాఫ్టులు వెళతాయి. ఒక్కో షాఫ్టుకు రెండు చివర్లా సీవీ జాయింట్లు ఉంటాయి. చక్రం పైకి కిందికి ఊగుతున్నా, స్టీరింగ్‌తో పక్కకు తిరుగుతున్నా శక్తి ఆగకుండా అందించడం వాటి పని. లోపల ఉక్కు గోళీలు, వాటి చుట్టూ గ్రీజు, ఆ గ్రీజును కాపాడే మడతల రబ్బరు బూటు. ఆ బూటుకు చిన్న చీలిక పడిందంటే చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, దాని స్థానంలో మీ ఉద్దానం ఇసుక లోపలికి పోతుంది. ఆ తర్వాత గోళీలు నడిచే గాడి అరగడానికి ఎక్కువ కాలం పట్టదు. గుర్తు పట్టడం సులువు. చక్రం లోపలి వైపు రిమ్ము మీద నల్లటి గ్రీజు వలయంగా చిమ్మి కనిపిస్తే బూటు చినిగినట్టే. స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు కటకటమని శబ్దం వస్తే జాయింటు పోయినట్టే.

ట్రైలర్ తగిలిస్తే కారు తోక కిందికి దిగి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు ఆ షాఫ్టులు రోజూ ఉండే కోణంలో కాకుండా కిందికి వాలి పనిచేస్తాయి. దానికి తోడు చక్రం ఇసుకలో గిర్రున తిరిగి, హఠాత్తుగా గట్టినేల దొరికి పట్టుకున్నప్పుడు పడే కుదుపు మొత్తం ఆ జాయింటు మీదే పడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కారులో బయటి జాయింటులో గోళీలను పట్టి ఉంచే పంజరం పగిలి ముక్కలు చేతికి వచ్చాయి. దాని క్లచ్ ప్లేటు కూడా కాలి నల్లబడింది. ఆ యజమాని లాగించింది ఇటుకల ట్రైలర్, దూరం ఐదారు కిలోమీటర్లకు మించదు.

వెనక చక్రాల ట్రక్కులో అరిగే వస్తువులు ఉండవని కాదు. షాఫ్టు చివర్లను కలిపే క్రాసులు ఊగుతాయి, వెనక ఇరుసులోని పళ్లచక్రాల జత, అంటే క్రౌన్ పినియన్, కూత పెడుతుంది. కాని క్రాసు పాడైతే క్లచ్ వదలగానే ఠంగుమని ముందే చెబుతుంది, టెక్కలిలోనో పలాసలోనో సామాను దొరుకుతుంది, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. వారానికొకసారి గ్రీజు గన్ను పెట్టించుకునే అలవాటు ఒక్కటి ఉంటే అవి చాలా ఏళ్లు వస్తాయి.

జవాబు: విజయనగరం మెకానికల్

వర్క్‌షాపు వారు చెప్పింది చదివాక, ట్రైలర్‌ను కూడా నా పాత లెక్కలో కలిపి చూశాను. 700 కిలోల లోడున్న అదే ఫ్రంట్ వీల్ డ్రైవ్ పికప్‌కు 600 కిలోల ట్రైలర్ తగిలించి, నాలిక మీద పదో వంతు, అంటే 60 కిలోలు పడుతున్నాయనుకుందాం. కొక్కెం వెనక ఇరుసుకు మీటరు వెనక ఉంటుంది కాబట్టి అది తక్కెడ కాడలా పనిచేస్తుంది. వెనక 60 నొక్కితే ముందు 22 లేస్తుంది. ట్రైలర్ వెనక్కి గుంజే బలం వల్ల ఇంకో 11 పోతాయి. ముందు 708 మిగిలితే పట్టు 212, కావలసింది 300. ఇక రివర్సు ఉపాయం కూడా పనికిరాదు, ట్రైలర్‌ను గట్టు మీదికి తోసుకుంటూ వెళ్లడం ఎవరివల్లా కాదు. వెనక చక్రాల బండికైతే ఆ నాలిక బరువే మేలు చేసి, పట్టు 394 దాకా వస్తుంది.

నాలిక బరువు తగ్గిస్తే సరిపోతుందేమోనని కొందరు ట్రైలర్‌లో సరుకును వెనక్కి సర్దుతారు. దయచేసి అలా చేయకండి. నాలిక తేలికైతే వేగం అందుకోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి, ముందున్న బండిని కూడా తనతో తిప్పేస్తుంది. జాతీయ రహదారి 16 మీద అది ప్రాణాంతకం. ట్రైలర్‌కు కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి, అది లేకుండా ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఎదురయ్యే చిక్కులు మీకు తెలిసే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: కవిటి కొబ్బరితోట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరంతా ఇంత ఓపికగా రాశాక, నేనూ నా వంతుగా ఒక పరీక్ష చేసి చూశాను. మొన్న రాత్రి వాన పడింది. తెల్లవారాక మా కారులో డ్రైవరు ఒక్కడే ఉండగా గట్టు ఎక్కించాం, ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. తరువాత కంపెనీ పుస్తకంలో రాసిన బరువు మించకుండా, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి డిక్కీలో రెండు బస్తాల జీడిపిక్కలు వేసి మళ్లీ ఎక్కించాం. గట్టు సగంలో ఎడమ ముందు చక్రం తిరగడం మొదలై, పక్కన నిలబడి చూస్తున్న మా నాన్నగారి పంచె మీద బురద చిమ్మింది. కారును వెనక్కి దించి, తిప్పుకుని, రివర్సులో ఎక్కిస్తే అదే బరువుతో ఎక్కేసింది. విజయనగరం వారి లెక్క మా గట్టు మీద నిజమైంది. ట్రైలర్ ఆలోచన ఆ క్షణమే మానుకున్నాను.

వెనక చక్రాల పికప్‌నే తీసుకుంటున్నాం. 600 కిలోలే మా మోత అయినా, 750 కిలోల రకానికి కాకుండా ఒక టన్ను పైబడిన దానికి వెళ్లాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. సాలూరు వారు వీలైతే దాని గురించి ఒక మాట చెప్పండి. ఈలోగా గట్టు దగ్గర రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించి, ఎత్తును కాస్త ముందు నుంచే మొదలయ్యేట్టు సాగదీయించమని మేస్త్రీకి చెప్పాను.

జవాబు: సాలూరు ఘాట్

గ్రావెల్ పోయించడం చాలా మంచి పని, పోశాక రోలరు దొరక్కపోతే ట్రాక్టరునే పదిసార్లు తిప్పించండి. బండి సంగతికొస్తే, కాపు పెరిగేకొద్దీ కాయల లెక్క ఐదువందల దగ్గర ఆగదు. తోటి రైతులు కూడా మీ బండిలోనే వేయమని అడుగుతారు, కాదనలేరు. టన్ను పైబడినదే తీసుకోండి. ఖాళీగా తోటలోకి దిగేటప్పుడు మాత్రం వెనక తొట్టిలో, ఇరుసు మీదుగా రెండు ఇసుక బస్తాలు వేసి ఉంచండి. లోడు ఎక్కించేటప్పుడు దించేస్తే సరిపోతుంది.